మేనేజర్‌ని తప్పించిన మర్నాడు

2014 ఫిబ్రవరి 9న ఓల్డ్ ట్రాఫోర్డ్ మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్, ఫుల్హమ్ జట్ల మధ్య జరిగిన మ్యాచ్ గురించి ఫుట్‌బాల్ ప్రియులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి యునైటెడ్ లీగ్ విజేత. ఫుల్హమ్ పాయింట్ల పట్టికలో అట్టడుగున ఉంది. ఆ మ్యాచ్‌లో యునైటెడ్ ఆటగాళ్లు చేసిందల్లా ఒకటే పని: బంతిని మైదానం అంచుకి చేర్చడం, అక్కడి నుంచి గోల్ ముందుకి ఎత్తి కొట్టడం. అలా 80కి పైగా క్రాస్‌లు కొట్టారు. ఫుల్హమ్ డిఫెండర్లు కదలకుండా నిలబడి, వచ్చిన బంతిని వచ్చినట్టే తలతో బయటికి నెట్టేశారు. చివరి పావుగంటలో వాన్ పెర్సీ, క్యారిక్ వెంటవెంటనే గోల్స్ చేసి 2-1 ఆధిక్యం తెచ్చినా, ఆట ఇంక ముగుస్తుందనగా డారెన్ బెంట్ స్కోరు సమం చేశాడు. యునైటెడ్ మేనేజర్ డేవిడ్ మోయెస్ మీద అసహనం ఆ సాయంత్రంతో కట్టలు తెంచుకుంది. అవతలి బెంచీ మీద ఫుల్హమ్ మేనేజర్‌గా కూర్చున్న రెనే మ్యూలెన్‌స్టీన్ అంతకుముందు సీజన్ దాకా ఇదే యునైటెడ్‌లో అలెక్స్ ఫెర్గూసన్ దగ్గర ఫస్ట్ టీమ్ కోచ్. మోయెస్ తన సొంత మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాక ఆయనకి అక్కడ చోటు లేకపోయింది.

ఆ తరువాత జరిగింది ఇంకా గమనించదగ్గది. ఆ మ్యాచ్ అయిన వారంలోపే ఫుల్హమ్ యాజమాన్యం మ్యూలెన్‌స్టీన్‌ని పక్కన పెట్టి ఫీలిక్స్ మాగత్‌ని తెచ్చుకుంది. ఆ సీజన్‌లో ఆ క్లబ్బుకి ఆయన మూడో మేనేజర్. మొదటి మేనేజర్ మార్టిన్ యోల్‌ని డిసెంబరులోనే పంపేశారు. జనవరిలో క్లబ్బు చరిత్రలోనే ఎక్కువ ధర పెట్టి కొన్న మిత్రోగ్లూ ఒక్క గోల్ కూడా చేయలేదు. ముగ్గురు మేనేజర్లు మారినా ఫుల్హమ్ 19వ స్థానంతో కింది డివిజన్‌కి జారిపోయింది. యునైటెడ్ ఏప్రిల్ 22న మోయెస్‌ని తొలగించింది. ఆయనకి ఆరేళ్ల ఒప్పందం ఇచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆ మ్యాచ్‌లో ఆటతీరుకి బాధ్యత మోయెస్‌దే. అందులో నాకు సందేహం లేదు. పారని ఎత్తునే 80 సార్లు పట్టుకు వేలాడటం, జట్టు నాడి తెలిసిన కోచ్‌ల బృందాన్ని వదులుకోవడం ఆయన చేతుల్లో ఉన్న విషయాలు, ఆయన చేసిన తప్పులు. కానీ ఫెర్గూసన్ స్థానంలో ఆయనే తగినవారని నిర్ణయించింది ఎవరు? ఆరేళ్లు ఇస్తున్నామని చెప్పి పది నెలలకే చేతులెత్తేసింది ఎవరు? మోయెస్ వెళ్లిన మర్నాడు కూడా వాళ్లు ఆ కుర్చీల్లోనే ఉన్నారు. తరువాతి మేనేజర్‌ని ఎంపిక చేసిందీ వాళ్లే.

మేనేజర్ పనితీరు మీద చర్చ ఎప్పుడు మొదలైనా ముందు చూడవలసింది ఆయన్ని ఎన్నుకున్నవాళ్ల పనితీరునే అని నా వాదన. మేనేజర్లందరూ అమాయకులని నేను అనడం లేదు. మేనేజర్ తప్పుకీ నాయకత్వం తప్పుకీ మధ్య గీత గీసుకోకుండా ఎవరినీ సరిగ్గా అంచనా వేయలేమని అంటున్నాను. ఆ గీత గీయని చోట ప్రతి ఓటమీ ఒక్క మనిషి మెడకి చుట్టుకుంటుంది. అతన్ని పంపేయగానే లెక్క తేలిపోయిందన్న భ్రమ కలుగుతుంది.

2013 వేసవిలో యునైటెడ్‌లో రెండు కుర్చీలు ఒకేసారి ఖాళీ అయ్యాయి. 26 ఏళ్లకి పైగా మేనేజర్‌గా ఉండి 13 లీగ్ టైటిళ్లు గెలిపించిన ఫెర్గూసన్ ఒకటి, చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ రెండోది. లోకమంతా మొదటి కుర్చీ వైపే చూసింది. రెండోదాని బాధ్యతలు చేపట్టిన ఎడ్ వుడ్‌వర్డ్ బ్యాంకింగ్ నుంచి వచ్చినవారు. 2005లో గ్లేజర్ కుటుంబం క్లబ్బుని కొన్నప్పుడు వాళ్లకి సలహాదారుగా పనిచేశారు. వాణిజ్య ఒప్పందాలు కుదర్చడంలో ఆయన సమర్థతని ఎవరూ కాదనలేరు. అయితే ఆటగాళ్లని కొనడం, మేనేజర్‌ని ఎంచుకోవడం వేరే విద్య. ఆ విద్య తెలిసిన ఇద్దరూ ఒకే వేసవిలో వెళ్లిపోతున్నప్పుడు ఆ లోటు ఎలా పూడ్చాలో ముందుగా ఆలోచించుకోవలసింది యజమానులు. యునైటెడ్‌లో ఫుట్‌బాల్ డైరెక్టర్ అన్న పదవి ఏర్పడిందే 2021లో. ఎనిమిదేళ్ల ఆలస్యం అది.

ఆ ఎనిమిదేళ్లలోనూ ఆ తరువాతా జరిగిన నియామకాలని వరసగా పెట్టి చూస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. ప్రతి మేనేజర్ తన ముందువాడికి విరుగుడుగా వచ్చారు. మోయెస్‌కి పెద్ద క్లబ్బుల అనుభవం లేదన్నారు, లూయీ వాన్ గాల్‌ని తెచ్చారు. ఆయన ఆట నత్తనడక అన్నారు, 2016లో ఎఫ్‌ఏ కప్పు గెలిపించిన రెండు రోజులకే పంపేసి, గెలుపే పరమావధిగా పేరుపడ్డ జోసే మౌరీన్యోని తెచ్చారు. ఆయన డ్రెస్సింగ్ రూమ్‌లో అందరితోనూ తగాదాలన్నారు, క్లబ్బు మీద ప్రేమ ఉన్న పాత ఆటగాడు సోల్‌షేర్‌ని కూర్చోబెట్టారు. ఆయనకి శిక్షణలో లోతు చాలదన్నారు, ఎరిక్ టెన్ హాగ్ వచ్చారు. ఆ తరువాత 2024 నవంబరులో రూబెన్ అమోరిమ్. ఈ ఆరుగురిలో ఏ ఇద్దరి ఆటా ఒకటి కాదు. ఒకరు బంతిని అట్టిపెట్టుకోవాలంటారు, ఇంకొకరు ప్రత్యర్థికి వదిలేసి ఎదురుదాడి చేయాలంటారు. ఒకరికి అంచుల్లో పరిగెత్తే వింగర్లు కావాలి, మరొకరి పథకంలో వింగర్లకి చోటే లేదు. ఒక్కొక్కరి కోసం కొన్న ఆటగాళ్లు, ఆ మేనేజర్ వెళ్లిపోయినా అయిదేళ్ల ఒప్పందాలతో మిగిలిపోతారు. కొత్తగా వచ్చినవారికి చేతికందే జట్టు ఎవరూ ఆలోచించి కట్టినది కాదు, పోయినవాళ్లందరి కోరికల శేషం.

2018 వేసవిని దగ్గరగా చూడండి. అంతకుముందు సీజన్‌లో మౌరీన్యో జట్టుని 81 పాయింట్లతో రెండో స్థానానికి చేర్చారు. జనవరిలో యాజమాన్యం ఆయన ఒప్పందాన్ని పొడిగించింది. వేసవిలో ఆయన సెంటర్ బ్యాక్ కావాలని గట్టిగా అడిగారు. కొనలేదు. ఆయన అంచనా మీద నమ్మకం లేదన్నది యాజమాన్యం వాదన అయి ఉండవచ్చు. ఆ నమ్మకం లేనప్పుడు ఆర్నెల్ల కిందట ఒప్పందం ఎందుకు పొడిగించినట్టు? నమ్మకం ఉంటే అడిగిన మనిషిని కొనాలి, లేకపోతే వేసవిలోనే మర్యాదగా పంపాలి. రెండూ చేయకుండా డిసెంబరు దాకా లాగి, దాదాపు 2 కోట్ల పౌండ్ల పరిహారం చెల్లించి వదిలించుకున్నారు. ఆ మరుసటి వేసవిలో హ్యారీ మగ్వైర్‌ని 8 కోట్ల పౌండ్లకి కొన్నారు. మౌరీన్యో కూడా ఆ నెలల్లో ఆటగాళ్లని బహిరంగంగా నిందించి తన చేటు తాను తెచ్చుకున్నారు, నిజమే. అయినా ఇక్కడ మొదటి తప్పు తీసుకోవలసిన నిర్ణయాన్ని తీసుకోని వాళ్లది.

సరిగ్గా ఇదే 2024లో మళ్లీ జరిగింది. అప్పటికి జిమ్ రాట్‌క్లిఫ్ క్లబ్బులో నాలుగో వంతుకి పైగా వాటా కొని ఫుట్‌బాల్ వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నారు. టెన్ హాగ్ జట్టు లీగ్‌లో 8వ స్థానంలో నిలిచింది, ప్రీమియర్ లీగ్ కాలంలో అప్పటికి అదే ఆ క్లబ్బుకి అథమం. అదే మే నెలలో మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించి ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. కొత్త నాయకత్వం సమీక్ష జరిపి, వేరే మేనేజర్లతో మాట్లాడి, చివరికి టెన్ హాగ్‌నే కొనసాగించి ఒప్పందం 2026 దాకా పొడిగించింది. ఆయన కోరిన ఆటగాళ్లని కొనిపెట్టింది. అక్టోబరు 28న ఆయన్ని తొలగించింది. నలుగురు డిఫెండర్ల రక్షణ వరసకి కొన్న ఆ జట్టుని ముగ్గురు డిఫెండర్ల పద్ధతి తప్ప మరొకటి ఆడించని అమోరిమ్ చేతికి సీజన్ మధ్యలో అప్పగించింది. సీజన్ ముగిశాక వస్తానని తాను అడిగినట్టు, ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడూ లేదన్న జవాబు వచ్చినట్టు అమోరిమ్ స్వయంగా చెప్పారు. ఆ సీజన్‌లో యునైటెడ్ 42 పాయింట్లతో 15వ స్థానంలో నిలిచింది. యూరోపా లీగ్ ఫైనల్లో టాటెన్‌హమ్ చేతిలో ఓడింది. చేతిలో ఉన్న ఆటగాళ్లకి తగ్గట్టు తన పద్ధతిని మార్చుకోకపోవడం అమోరిమ్ తప్పే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆయన ఆ పద్ధతి మనిషని అంతకుముందు లిస్బన్‌లో నాలుగేళ్లుగా ప్రతి వారం కనపడుతూనే ఉంది. తెలిసి తెచ్చుకున్నవాళ్లకి ఆశ్చర్యపోయే హక్కు లేదు. ఇదంతా సరిచేయడానికని న్యూకాసిల్ నుంచి ఎంతో కాలం వేచి, పరిహారం ఇచ్చి మరీ తెచ్చుకున్న స్పోర్టింగ్ డైరెక్టర్ డాన్ ఆష్‌వర్త్‌ని అయిదు నెలలకే సాగనంపారు. దాని గురించి ఒక వారం మాట్లాడుకుని ఊరుకున్నారు జనం. అమోరిమ్ పద్ధతి గురించి నెలల తరబడి కొట్టుకున్నారు.

దీనికి చాలామంది చెప్పే మొదటి అభ్యంతరం బలమైనదే. ఫెర్గూసన్ కూడా ఇదే గ్లేజర్ల కింద పనిచేశారు కదా, వాళ్ల కాలంలోనే అయిదు లీగ్ టైటిళ్లు, 2008లో చాంపియన్స్ లీగ్ గెలిచారు కదా, మరి తప్పు యజమానులదెలా అవుతుంది? గ్లేజర్లు క్లబ్బుని కొనడానికి తెచ్చిన అప్పులో పెద్ద భాగాన్ని ఆ క్లబ్బు నెత్తినే రుద్దారు. అప్పటిదాకా అప్పు లేని సంస్థ ఏటా వడ్డీలు కట్టుకుంటూ వచ్చింది. అయినా గెలిచింది. ఎందుకంటే ఫెర్గూసన్ మేనేజర్ మాత్రమే కాదు, ఫుట్‌బాల్‌కి సంబంధించినంత వరకు ఆ క్లబ్బు నాయకత్వమంతా ఆయనే. ఏ కుర్రాడిని తేవాలి, ఎవరిని ఎప్పుడు వదులుకోవాలి, అకాడమీ ఎలా నడవాలి అన్నవన్నీ ఆయనా గిల్ కలిసి చూసుకునేవారు. యజమానులకి ఆ పని నేర్చుకోవలసిన అవసరం రాలేదు. ఒక్క మనిషి నీడలో లోపం కనబడకుండా ఉండిపోయింది, ఆయన వెళ్లగానే బయటపడింది. మన హైదరాబాద్‌కి ఇది కొత్త సంగతి కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సిటీ పోలీస్ జట్టుని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు విజేతగా నిలబెట్టారు. భారత జట్టుని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చారు. ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి కూడా. శిక్షణా పరిపాలనా ఒకే మనిషి మోశారు. 1963లో ఆయన కన్నుమూశాక ఆ వైభవం మళ్లీ రాలేదు. కారణాలు వేరేవీ ఉన్నాయి గాని, ఆయన చేసిన రెండో పనిని అందిపుచ్చుకునే యంత్రాంగం లేకపోవడం అందులో ముఖ్యమైనదని నా నమ్మకం.

రెండో అభ్యంతరం చెల్సీ నుంచి వస్తుంది. అప్పటి యజమాని రోమన్ అబ్రమోవిచ్ మేనేజర్లని ఎడాపెడా మార్చారు, గెలుస్తూనే ఉన్నారు. 2012 మార్చిలో విలాస్ బోవాస్‌ని తీసేసి ఆయన సహాయకుడు డి మాటియోకి పగ్గాలిస్తే మే నెలలో చాంపియన్స్ లీగ్ వచ్చింది. 2021 జనవరిలో లాంపార్డ్‌ని తీసేసి తుషెల్‌ని తెస్తే నాలుగు నెలల్లో మళ్లీ అదే కప్పు. అవే కాళ్లు, అవే జెర్సీలు, మారింది మేనేజర్ ఒక్కడే. ఈ ఉదాహరణని నేను తోసిపుచ్చను. తుషెల్ వచ్చాక ఆ జట్టు రక్షణ ఎంత గట్టిపడిందో చూసినవారెవరూ మేనేజర్ వల్ల ఏమీ కాదనలేరు. అయితే చెల్సీలో మేనేజర్ వెనకాల ఉన్న యంత్రాంగం మారలేదు. ఆటగాళ్ల కొనుగోలు వ్యవహారాలు చాలా ఏళ్లపాటు మరీనా గ్రనోవ్‌స్కయా చేతుల మీదుగా నడిచాయి. అకాడమీ నిరంతరం కుర్రాళ్లని అందించింది. యజమాని వడ్డీ లేకుండా డబ్బు పెట్టారు. 2022లో క్లబ్బు చేతులు మారి ఆ యంత్రాంగమంతా ఒక్క వేసవిలో చెదిరిపోయింది. కొత్త యజమానులు తుషెల్‌ని సెప్టెంబరులో తీసేసి బ్రైటన్ నుంచి గ్రాహమ్ పాటర్‌ని తెచ్చారు, ఆయన్ని ఏప్రిల్‌లో తీసేశారు. ఆ సీజన్ చెల్సీ 12వ స్థానంలో ముగించింది. మేనేజర్‌ని మార్చడం అనే ఆయుధం అదే, చెయ్యి మారేసరికి పనిచేయడం మానేసింది.

పాటర్ కథలో బ్రైటన్ వైపు ఏమైందో కూడా చూడాలి. సీజన్ మొదలైన నెలకే మేనేజర్‌ని, ఆయనతోపాటు కోచింగ్ సిబ్బందిలో ముఖ్యుల్ని పెద్ద క్లబ్బు ఎత్తుకుపోయింది. మామూలుగా అయితే ఆ దెబ్బకి చిన్న క్లబ్బు కుదేలవ్వాలి. యజమాని టోనీ బ్లూమ్, ఆయన బృందం పది రోజుల్లో రోబర్తో డి జెర్బీని తెచ్చారు. బంతిని వెనక వరస నుంచి పాస్‌లతో ముందుకి తీసుకుపోయే ఆటలో ఇద్దరికీ పోలిక ఉంది. కాబట్టి ఉన్న జట్టు కొత్త గురువుకి పనికొచ్చింది. ఆ సీజన్ బ్రైటన్ 6వ స్థానంలో ముగించింది, దాని చరిత్రలో అదే అత్యున్నతం. ఒకే మనిషి, రెండు క్లబ్బులు, ఒకే ఏడాది. ఆయన వదిలిన చోటు ఎదిగింది, ఆయన్ని కొనుక్కున్న చోటు కుంగింది. నాయకత్వం తేడాని కొలవడానికి ఇంతకన్నా శుభ్రమైన పరీక్ష దొరకడం కష్టం.

మేనేజర్‌ని తీసేశాక జట్టు వెంటనే కోలుకోవడం మనం కళ్లారా చూస్తాం కదా అంటారు ఇంకొందరు. నిజమే, చూస్తాం. నెదర్లాండ్స్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ ఆ దేశపు మొదటి డివిజన్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన మార్పుల్ని పరిశీలించారు. మేనేజర్‌ని మార్చిన జట్లని, అంతే ఘోరంగా ఓడుతూ కూడా మార్చని జట్లతో పోల్చారు. రెండు రకాల జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. వరస ఓటముల్లో దురదృష్టం పాలు కొంత ఉంటుంది. అది ఎల్లకాలం ఉండదు. కొత్త మేనేజర్ అది తొలగే వేళకి వస్తారు, ఆ మెరుగుదలకి ఆయన్ని మెచ్చుకుంటాం. ఆర్సెనల్‌లో మికెల్ అర్టెటా వరసగా రెండుసార్లు 8వ స్థానంలో ముగించి, 2021-22లో మొదటి మూడు మ్యాచులూ ఓడి అట్టడుగున ఉన్నప్పుడు చాలామంది ఆయన కాలం అయిపోయిందన్నారు. యాజమాన్యం ఆగింది. 2022-23 నుంచి వరసగా మూడు సీజన్లు రెండో స్థానం వచ్చింది. ఓర్పు పట్టిన ప్రతిచోటా ఇలా జరుగుతుందని నేను అనను. అర్టెటా ఏం కడుతున్నారో ఆర్సెనల్ పెద్దలకి తెలుసు, దానికి తగ్గ కుర్రాళ్లనే కొంటూ వచ్చారు. ఏం చూసి ఆగుతున్నామో తెలియని ఓర్పు మొండితనం అవుతుంది.

మన దగ్గరే హైదరాబాద్ ఎఫ్‌సీ ఉండేది. 2019-20లో మొదటి సీజన్‌లోనే ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆఖరి స్థానం. కోచ్‌గా మనోలో మార్కెజ్ వచ్చాక కుర్రాళ్ల మీద నమ్మకం ఉంచి రెండేళ్లలో జట్టుని నిలబెట్టారు. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్తే, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపి కప్పు తెచ్చాడు. మంచి కోచ్ ఎంత చేయగలడో దానికి ఇదే సాక్ష్యం. తరువాత జీతాలు బకాయి పడ్డాయి, ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదుని నిషేధించింది, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు. ఆ సీజన్ కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో అంతకుముందు మార్కెజ్ బృందంలో ఉన్నవారే, ఆ విద్యంతా దగ్గర నుంచి తెలిసినవారే. పదకొండు మందిని సమకూర్చుకోవడమే గగనమైన చోట ఆయన ఏ వ్యూహం పన్నితే ఏం లాభం? 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియానికి వచ్చి గొంతు చించుకుని అరిచిన అభిమానుల్ని అడిగినవాళ్లు లేరు. ఈ విషయంలో నాకున్న బాధ చెప్పనలవి కాదు.

ఇదంతా సరే, యజమానిని మనం తీసేయలేం, మేనేజర్‌ని తీసేయించగలం, అందుకే ఆయన గురించి మాట్లాడతాం అనేవారున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. కానీ యజమానుల మీద ఒత్తిడి పనిచేయదన్నది నిజం కాదు. 2021 ఏప్రిల్ 18న ప్రకటించిన పెద్ద క్లబ్బుల యూరోపియన్ సూపర్ లీగ్ నుంచి, అందులో చేరిన ఇంగ్లిష్ క్లబ్బులు ఆరూ రెండు రోజుల్లో వెనక్కి తగ్గాయి, వీధుల్లోకి వచ్చిన అభిమానుల వల్ల. అవి వెనక్కి తగ్గిన రోజే వుడ్‌వర్డ్ తాను తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. బార్సిలోనాలో 2020లో సభ్యులు సంతకాలు సేకరించి అవిశ్వాసం తెస్తే అధ్యక్షుడు బార్తొమేయు ఓటింగ్ దాకా కూడా రాకుండా రాజీనామా చేశారు. జర్మనీలో కొన్ని మినహాయింపులు పోను క్లబ్బుల్లో సగానికి మించిన ఓటు సభ్యులదే. ఆ ఓటు లేని చోట కూడా అభిమానులు నెల తిరక్కుండా సాధించుకోగల కోరిక ఒకటుంది. కొత్త మేనేజర్‌ని పరిచయం చేసే రోజు, ఆయన పక్కన ఆయన్ని ఎంపిక చేసిన మనిషి కూడా కూర్చోవాలి. ఎందుకు ఎంచుకున్నారో, ఏ ఆట ఆశిస్తున్నారో, ఉన్న జట్టు దానికి సరిపోతుందో లేదో, ఎన్నాళ్లకి ఏం చూసి తీర్పు చెబుతారో విలేకరుల ముందు చెప్పాలి. ఏడాది తరువాత జట్టు ఓడుతున్నప్పుడు ఆ మాటలు తీసి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి అడగాలి.